హారన్ ఆపేసిన రోజు

సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచి కాకినాడ బావ, మన అమెరికా కాలేజీ బ్యాచ్‌లు మళ్ళీ కలిసే వేడుక సంచిక కోసం వెంటపడుతున్నాడు. "రెండు పేజీలు రాసివ్వు, అందరూ గుర్తుకు రావాలి" అంటాడు. అందరి గురించీ రాసేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. మనమంతా కలిసున్న పైన్ స్ట్రీట్ ఇల్లు, నెల్లూరు చేపల పులుసుకి ఫైరింజన్ రావడం, వరంగల్ అన్న డ్రైవింగ్ టెస్టు, పచ్చడి సీసా దగ్గర కస్టమ్స్ ఆవిడ ముఖం. ఇవన్నీ ఎవరో ఒకరు రాయక మానరు. నేను కోచ్ గురించి రాస్తాను. అందులోనూ 1999 ఫిబ్రవరిలో జరిగిన ఒక్క ఐస్ హాకీ మ్యాచ్ దగ్గరే ఆగిపోతానేమో, కమిటీ మన్నించాలి.

నాకు రింక్‌లో పని దొరకడం అదృష్టమనే ఇప్పటికీ అనుకుంటాను. పొద్దున్నే కంప్రెసర్ గదిలో రీడింగులు రాయాలి. మ్యాచ్ రోజుల్లో స్కోరర్ బల్ల దగ్గర కూర్చోవాలి. ఆటకి ముందు పక్‌లన్నీ, అంటే బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళలన్నీ ఫ్రీజర్‌లో పెట్టడం నా పనే. రబ్బరు బాగా చల్లబడి గట్టిపడితేనే అది ఎగరకుండా ఐసు మీద సాఫీగా జారుతుంది. గోల్ పడగానే హారన్ నొక్కడం కూడా నా పనే. ఆ మీట మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంటే చాలు, మైనస్ ఇరవైలో నడిచొచ్చిన చలి మర్చిపోయేవాణ్ణి.

మనది డివిజన్ త్రీ కాలేజీ. ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వరు. పొద్దున నా థర్మో ల్యాబ్‌లో కూర్చున్న పదిహేడో నంబరు కుర్రాడే సాయంత్రం ఫస్ట్ లైన్‌లో, అంటే టీములోని మేటి ఆటగాళ్ళ గుంపులో దిగేవాడు. కోచ్ కూడా అంతే, పగలు స్కేటింగ్ క్లాసులు, సాయంత్రం టీము. మనకి మొదటి క్లాసులో ఆయన నేర్పింది నిలబడటం కాదు, ఎలా పడాలో. పడటం వచ్చాక భయం పోతుందని అనేవారు. మన నెల్లూరువాడు ఆ క్లాసు ఒక్కటే ఫస్ట్ క్లాసులో పాసయ్యాడు.

ఆ శనివారం వచ్చిన టీము కొత్తగా హాకీ మొదలుపెట్టిన కాలేజీది. మంచులో ఆరు గంటలు బస్సులో వచ్చారు. మనవాళ్ళు నాలుగు లైన్లు మార్చుకుంటూ ఆడుతుంటే వాళ్ళకి రెండు లైన్లకి సరిపడా మనుషులు కూడా లేరు. గోలీ, అంటే గోల్‌కి కాపలా కాసేవాడు, ఒక్కడే. రెండో గోలీకి జ్వరమని బస్సు ఎక్కలేదట. మొదటి పీరియడ్ అయ్యేసరికి ఆరు-సున్నా. ఆరుసార్లూ హారన్ మోగించాను. స్టూడెంట్ సెక్షన్ గోలీ పేరు కనుక్కుని మరీ "సీవ్, సీవ్" (జల్లెడ, జల్లెడ) అని అరుస్తోంది. మనవాళ్ళ గొంతులు అందులో ముందే ఉన్నాయి.

రెండో పీరియడ్ మొదట్లోనే ఏడో గోల్ పడింది. మీట నొక్కబోతుంటే బెంచీ దగ్గర కోచ్ నా వైపే చూస్తున్నారు. అరచెయ్యి కిందికి పెట్టి రెండుసార్లు ఆడించారు. ఆపమని. గోల్ వెనక ఎర్ర లైటు వెలిగింది, హారన్ మోగలేదు. ఆ తర్వాత ఆ రోజు పీరియడ్ ముగిసినప్పుడు తప్ప హారన్ ముట్టుకోలేదు.

రెండో పీరియడ్ అయ్యాక విరామంలో స్కోర్‌షీట్ ఇవ్వడానికి లాకర్ రూముకి వెళ్ళాను. ఆయన ఏం చెబుతున్నారో తలుపు దగ్గర నిలబడి విన్నాను. ఫస్ట్ లైన్ ఇంక ఐసు మీదికి వెళ్ళదు. నాలుగో లైన్, జూనియర్లే ఆడతారు. స్టిక్కు వెనక్కెత్తి బలంగా బాదే స్లాప్‌షాట్లు వద్దు. డిఫెన్స్ వాళ్ళు ముందుకు దూసుకెళ్ళకూడదు. వాళ్ళ ఆటగాడు పెనాల్టీతో బయటికెళ్ళి పవర్‌ప్లే వచ్చినా మామూలు లైనే దిగుతుంది. గోల్ పడితే భుజం తట్టి బెంచీకి రావాలి, చేతులెత్తి ఎగరడాలు లేవు. ఇంతవరకూ ఏ కోచైనా చెప్పేవే. తర్వాతి మాటకి నేను కదల్లేకపోయాను. "గోల్ ముందు పక్ దొరికినవాడు కొట్టి తీరాలి. అయిదు పాసులు, పది పాసులు అంటూ వాళ్ళ చుట్టూ తిప్పితే ఊరుకోను. ఆ గోలీ ఆరు గంటలు ప్రయాణం చేసింది మనం జాలిపడుతుంటే చూడటానికి కాదు."

దీని మీద మన పైన్ స్ట్రీట్ ఇంట్లో ఎన్ని రాత్రులు వాదించుకున్నామో మీకు తెలుసు. కొట్టడం ఆపేస్తేనే మర్యాద అని బావ వాదన. ఇన్నేళ్ళ తర్వాత కూడా నేను కోచ్ వైపే. బలమైన టీము తన బలాన్ని బెంచీ మీద కూర్చోబెట్టొచ్చు. ఐసు మీద ఉన్నవాళ్ళు మాత్రం నిజంగా ఆడాలి. ఆడుతున్నట్టు నటిస్తే ఎదుటివాడికి ఓటమి కూడా దక్కదు.

మూడో పీరియడ్‌లో ఒక ఆటగాడికి గాయమైతే పదిహేడో నంబరుని కాసేపు దించాల్సొచ్చింది. వాడు స్టిక్కుని కాళ్ళ మధ్య నుంచి తిప్పి, గోలీని ఆటపట్టిస్తూ గోల్ వేశాడు. గ్యాలరీ మొత్తం లేచి నిలబడింది. కోచ్ వాణ్ణి పిలిచి బెంచీ చివర కూర్చోబెట్టారు, మళ్ళీ దించలేదు. వాడే ఆ సీజన్ టాప్ స్కోరర్. ఆట ఆగిన వేళ చూసుకుని కోచ్ స్టూడెంట్ సెక్షన్ ముందుకి వెళ్ళి, గొంతు పెంచకుండానే ఏదో చెప్పి వచ్చారు. అరుపులు ఆగిపోయాయి. కాసేపటికి ఆ గోలీ బోర్లాపడి గ్లవ్‌తో ఒక షాట్ ఆపాడు. వరంగల్ అన్న లేచి చప్పట్లు కొట్టాడు. తర్వాత అతను ఆపిన ప్రతి షాట్‌కీ, ప్రతి సేవ్‌కీ అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ గోలీ నాకు బాగా గుర్తు. గోల్ పడిన ప్రతిసారీ నెట్ మీద పెట్టిన సీసా తీసుకుని రెండు గుక్కలు తాగేవాడు. స్టిక్కుతో ఎడమ పోస్టు, కుడి పోస్టు తట్టేవాడు. మోకాళ్ళు వంచి మళ్ళీ సిద్ధమయ్యేవాడు. పదమూడో గోల్ తర్వాత కూడా అదే వరస.

పదమూడు-సున్నా. ఆట అయ్యాక రెండు టీములూ వరసగా నిలబడి చేతులు కలిపాయి. కోచ్ ఆ గోలీ దగ్గర ఆగి, హెల్మెట్ మీద చెయ్యి వేసి చాలాసేపు మాట్లాడారు. అది అందరూ చూశారు. తర్వాత జరిగింది మాత్రం స్కోరర్ బల్ల దగ్గర ఉన్నవాళ్ళకే తెలుసు. ఆ కుర్రాడు ప్యాడ్లు కూడా విప్పకుండా నా దగ్గరికొచ్చి తన సేవ్‌లు ఎన్ని రాశారని అడిగాడు. షీట్ చూపించాను. 71 షాట్లు, 58 సేవ్‌లు. షీటు మీద వేలు పెట్టి, "రెండో పీరియడ్‌లో ఒకటి పోస్టుకి తగిలింది, నేను ముట్టుకోలేదు, అది షాట్ కింద రాదు కదా" అన్నాడు. నిజమే, పోస్టుకి తగిలింది షాట్ లెక్కలోకి రాదు. 70 షాట్లు, 57 సేవ్‌లని అఫీషియల్ స్కోరర్ దిద్ది సంతకం పెట్టాడు. పదమూడు గోల్స్ తిన్న కుర్రాడు, తన లెక్కలో ఒక సేవ్ ఎక్కువ పడిందని తీయించుకుని వెళ్ళాడు. ఇది కోచ్‌కి చెబితే ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "వాళ్ళ కోచ్‌కి ఈ రాత్రే ఫోన్ చేస్తాను" అన్నారు. చేశారు కూడా.

ఆ రాత్రి రింక్ క్యాంటీన్‌లో వరంగల్ అన్న 1932 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ ఎత్తాడు. గడ్డి మీద హాకీలో మనవాళ్ళు అమెరికాని 24-1తో కొట్టారని, రూప్ సింగ్ పది, ధ్యాన్‌చంద్ ఎనిమిది వేశారని చెప్పాడు. కోచ్ పడీపడీ నవ్వారు. పోటీకి వచ్చినవే మూడు దేశాలు కాబట్టి, ఆడిన రెండూ ఓడి కూడా అమెరికాకి కాంస్యం వచ్చిందని తెలిసి ఇంకా నవ్వారు. తర్వాత ఆయన 1916 నాటి అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఒకటి చెప్పారు. జార్జియా టెక్ 222, కంబర్లాండ్ కాలేజీ సున్నా. కంబర్లాండ్ అప్పటికే టీముని రద్దు చేసుకుంది. రాకపోతే 3,000 డాలర్లు కట్టాలి కాబట్టి దొరికిన కుర్రాళ్ళని పోగేసి పంపింది. హాఫ్‌టైముకే 126-0. జార్జియా టెక్ కోచ్ జాన్ హైస్మన్, ఇప్పుడు కాలేజీ ఫుట్‌బాల్‌లో మేటి ఆటగాడికిచ్చే ట్రోఫీ ఆయన పేరు మీదే ఉంది. "ట్రోఫీ మీద పేరుండొచ్చు, ఆ రోజు మాత్రం నాకు ఆయన నచ్చడు" అన్నారు కోచ్. ధ్యాన్‌చంద్ మీద మాత్రం ఆయనకి ఏ ఫిర్యాదూ లేదు.

లేక్ ప్లాసిడ్ ట్రిప్పులోనూ అదే ధోరణి. అందరం 1980 ఒలింపిక్స్‌లో అమెరికా కాలేజీ కుర్రాళ్ళ టీము సోవియట్ టీము మీద 4-3తో గెలిచిన అరీనా ముందు ఫొటోలు దిగుతుంటే, అంతకు రెండు వారాల ముందు న్యూయార్క్‌లో అదే సోవియట్ టీము చేతిలో ఆ కాలేజీ కుర్రాళ్ళు 10-3తో ఓడిపోయిన సంగతి చెప్పారు. ఆయనకి ఆ పది-మూడే ముఖ్యం. 2008లో స్లొవేకియా అమ్మాయిలు బల్గేరియాని 82-0తో కొట్టినప్పుడు ఆయన దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. బల్గేరియా గోల్ మీద 139 షాట్లు పడ్డాయి. మెయిల్ నిండా అవతలి గోలీల గురించే.

మిగతా సెమిస్టర్లు ఎలా గడిచాయో నిజంగా గుర్తులేదు. కంప్రెసర్ గదిలో నేర్చుకున్న, అమ్మోనియాతో చల్లబరిచే పనే నాకు అన్నం పెట్టింది. ఇవాళ గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో మేం పెట్టిన ప్లాంట్లు నడుస్తున్నాయి. మా దగ్గర పనిచేసిన కుర్రాళ్ళలో ఇద్దరు సొంతంగా కంపెనీలు పెట్టుకున్నారు. కొత్తగా చేరినవాళ్ళకి రీడింగ్ అనుమానంగా ఉంటే మనకి లాభంగా ఉండే అంకె రాయొద్దని మొదటి రోజే చెబుతాను. ఎందుకని అడిగినవాళ్ళకి ఆ గోలీ సంగతి చెబుతాను. నాన్న కూడా ఆ కథ రెండుసార్లు చెప్పించుకున్నారు.

బావా, ప్రోగ్రామ్‌లో పాత బ్యాచ్‌కీ కొత్త బ్యాచ్‌కీ మ్యాచ్ అని వేశారు. అలా వద్దు, రెండు బ్యాచ్‌లనీ కలిపి టీములు చెయ్యండి. కోచ్‌కి ఇప్పుడు రాత్రిపూట డ్రైవింగ్ కష్టమట. నేను శుక్రవారం మధ్యాహ్నానికే దిగుతున్నాను, ఇంటికెళ్ళి నేనే ఆయన్ని తీసుకొస్తాను. ఆయన పక్క కుర్చీ మాత్రం ఎవరికీ ఇవ్వకండి.