గోడ మీది నిచ్చెన

మదనపల్లెలో బస్సు దిగేసరికి టమాటా లారీలు రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉన్నాయి. అక్కడికి 16 కిలోమీటర్ల దూరంలో రిషి వ్యాలీ బడి. "యాడికి సార్, పెద్ద బడికా?" అన్నాడు ఆటో అబ్బాయి. కాదన్నాను. ఆ బడి వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో పెట్టిన చిన్న బళ్లు చూడాలని వచ్చాను నేను.

ఏడేళ్లుగా ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేస్తున్నాను. ఒకటే గది, ఐదు తరగతులు. మూడో తరగతికి లెక్క చెబుతుంటే ఒకటో తరగతి పిల్లలు పలక మీద ఏం రాస్తున్నారో చూసే తీరిక ఉండదు. ఆ బాధ తీరే దారేదైనా ఉందా అన్నదే నా వెతుకులాటంతా.

తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టింది మదనపల్లెలోనే. ఆయన చూపుతో మొదలైన రిషి వ్యాలీ బడి చుట్టూ ఒకప్పుడు ఉన్నవి బోడి గుట్టలేనట. దశాబ్దాల పాటు మొక్కలు నాటారు, వాన నీరు పోకుండా ఊటకుంటలు తవ్వారు. 1991లో ఈ లోయను పక్షుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. దారి పొడవునా చెట్లు, వాటిలో పిట్టల కూతలు. ఇంత కరువు సీమలో ఈ పచ్చదనం చూస్తే కడుపు నిండింది.

పల్లె బడి చిన్నదే. చుట్టూ పిల్లలు పెంచిన చెట్లు, లోపల గోడ మీద ఒక పొడవాటి నిచ్చెన బొమ్మ. మెట్టు మెట్టుకూ జంతువుల, పక్షుల గుర్తులు. అదే గుర్తున్న కార్డులు కింద ట్రేలలో సర్ది ఉన్నాయి. తరగతుల వరసలు లేవు. కొందరు టీచరు అక్క దగ్గర, కొందరు తోటి పిల్లల దగ్గర కూర్చున్నారు, ఇంకొందరు ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నారు.

ఎనిమిదేళ్ల పిల్ల ఒకతి లోపలికొచ్చింది. చెనిక్కాయలు పెరికే పనికని అమ్మానాన్నలతో చేనికి పోయి, చాలా రోజులకు ఆ రోజే బడికొచ్చిందట. ఎవరూ గద్దించలేదు. తిన్నగా నిచ్చెన దగ్గరికి పోయి, తాను ఆగిన మెట్టు మీద వేలు పెట్టి, ఆ గుర్తున్న కార్డు తీసుకుని కూర్చుంది. అంతే.

నా కళ్లు చెమర్చాయి. మా బడిలో ఇలాంటి పిల్ల తిరిగొచ్చేసరికి నాలుగు పాఠాలు వెనకబడి ఉంటుంది. వెనక వరసలో కూర్చుంటుంది. కొన్నాళ్లకు అసలు రాదు. తప్పు ఆ పిల్లది కాదు, ఆగకుండా పోయే మన పాఠానిది. కర్ణాటక సర్కారు బళ్లలో ఆడుతూ పాడుతూ నేర్పే 'నలి-కలి' 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటెలో మొదలైంది. దానికి స్ఫూర్తి ఈ నిచ్చెన పద్ధతే.

ఊరికీ బడికీ మధ్య గోడ లేకపోవడం మరీ నచ్చింది. అవ్వలు చెప్పిన కథలే కార్డులెక్కి చదువు పాఠాలయ్యాయి. మెట్రిక్ మేళా నాడు పిల్లలు అంగళ్లు పెడతారు, తల్లులు బేరానికొస్తారు. తూకం, కొలత, చిల్లర లెక్క పిల్లలే చూపిస్తారు. ఒక అవ్వ తన చేలో టమాటాలు బుట్టతో తెచ్చి, మనవరాలి చేత మూడుసార్లు తూకం వేయించుకుందని అక్క చెప్పింది. పర్యావరణ పాఠం కోసం ఇక్కడ పుస్తకం వెతకక్కర్లేదు. మధ్యాహ్నం చేతులు కడిగిన నీళ్లు నేరుగా మొక్క పాదులోకి పోతున్నాయి.

ఇదంతా డబ్బుతో జరిగేది కాదు, కనిపెట్టుకుని ఉండడంతో జరిగేది. చిరిగిన కార్డు మళ్లీ చేసివ్వాలి. టీచరు దగ్గరికి ఎవరో ఒకరు వచ్చి పోతుండాలి. లేదంటే ఆ నిచ్చెన గోడ మీద బొమ్మగానే మిగులుతుంది.

సాయంత్రం ఆ గుర్తులన్నీ నోటుబుక్కులో గీసుకుంటుంటే, పొద్దున వచ్చిన పిల్ల పక్కన చేరింది. "సార్, ఉడత ఈడ కాదు, కోడి అయినాక" అంది. చెరిపి మళ్లీ గీశాను. అన్ని మెట్లూ సరిగ్గా వచ్చేదాకా ఆ పిల్ల కదల్లేదు.