తాగుడు ఆగినా ఆగని గుబులు

2020 మార్చి చివరి వారంలో లాక్‌డౌన్ వల్ల వైన్ షాపులు మూతపడ్డాయి. ఇంట్లో ఉన్న చివరి క్వార్టర్ అయిపోయిన మర్నాడు ఉదయం టీ కప్పు ఎత్తబోతే సగం సాసర్‌లోకి ఒలికింది. రెండో రాత్రి గోడంతా చీమలు పాకుతున్నాయంటూ నేను చీపురు అడగడంతో మా ఆవిడ అంబులెన్సు పిలిపించింది. ఆ రోజుల్లో హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఇలాంటి రోగులు బారులు తీరారు. నన్ను మాత్రం వేరే చోట చేర్చారు.

గ్లూకోజు కంటే ముందు థయమిన్ (బి1 విటమిన్) ఎక్కించి, మెదడు ఉద్రేకాన్ని తగ్గించే క్లోర్‌డయజెపాక్సైడ్ అనే మందు మొదలుపెట్టి, దాని మోతాదును రోజురోజుకూ తగ్గించుకుంటూ వచ్చారు. మెదడును శాంతపరిచే గాబా అనే రసాయనానికి మద్యం ఊతమిచ్చి, ఉద్రేకపరిచే గ్లుటమేట్ అనే రసాయనాన్ని అణచివేస్తుంది కనుక, ఏళ్ల తరబడి తాగినవాడి మెదడు ఆ అణచివేతకు విరుగుడుగా ఉద్రేకం వైపు బలం పెంచుకుంటుందని, మద్యం హఠాత్తుగా ఆగితే ఆ బలమంతా ఒక్కసారిగా బయటపడి వణుకు, ఫిట్స్, మతిభ్రమ వస్తాయని డాక్టరుగారు చెప్పారు.

వణుకు త్వరగానే తగ్గింది కానీ గుబులు తగ్గలేదు. ఫోను మోగితే గుండె దడదడలాడేది, తెల్లవారుజామున అకారణంగా మెలకువ వచ్చేది. అమెరికాలోని సాల్క్ సంస్థలో వైలీ వేల్ బృందం 1981లో గుర్తించిన సీఆర్ఎఫ్ అనే ఒత్తిడి రసాయనం మద్యం మానినప్పుడు మెదడులో భయం, ఆందోళనలకు సంబంధించిన అమిగ్డలా అనే భాగంలో పెరుగుతుందట; నార్‌ఎడ్రినలిన్, డైనార్ఫిన్ అనే రసాయనాలు కూడా దానికి తోడవుతాయి. ఈ వ్యవస్థ సర్దుకోవడానికి నెలలు పట్టవచ్చు. సీఆర్ఎఫ్‌ను అడ్డుకునే మందులు ఎలుకల్లో తాగుడును తగ్గించాయి కానీ, పెక్సాసెర్ఫాంట్, వెరుసెర్ఫాంట్ వంటివి మనుషుల్లో తాగాలన్న తపనను తగ్గించలేకపోయాయి. ఈ సంగతి విని నేను కొంత నిరాశపడ్డాను.

మే 6న షాపులు తెరిచినప్పుడు నాకు వెళ్లాలనిపించలేదు. బ్యాంకు నోటీసు వచ్చిన రోజున మాత్రం తాగాను. ఆ పెగ్గులో మజా ఏమీ లేదు, ఛాతీ మీద బిగుసుకున్న పట్టు సడలిందంతే. మజా కోసం తాగేవాణ్ణి మందలించినట్టు బంధువులు నన్ను మందలించడం అందుకే నాకు అర్థరహితంగా అనిపించింది. మళ్లీ మానినప్పుడు బాధ ఇంకా ఎక్కువైంది. పదేపదే మానడం, తాగడం జరిగితే అలాగే ముదురుతుందట.

కాలేయం పరీక్షలు బాగాలేకపోవడంతో మళ్లీ తాగకుండా సాయపడే మందుల్లో నాల్‌ట్రెక్సోన్ వద్దని, కిడ్నీలు చూసి అకాంప్రోసేట్ రాశారు డాక్టరుగారు. దానితోపాటు నిద్ర వేళలు, బాకీ వాయిదాలు, బ్యాంకుతో మాట్లాడవలసిన విషయాలు కూడా డాక్టరుగారి గదిలోనే చర్చకు వచ్చాయి. ఇప్పుడు బ్యాంకు ఉత్తరాలను మా ఆవిడ ముందు చదివి, నేను భోంచేశాకే చేతికిస్తుంది.