మైనస్ ఒకటిని కొట్టేసిన రోజు

ఆఖరి సంవత్సరంలో ఉండగా, సాయంత్రం స్టడీ అవర్‌లో కింది తరగతి పిల్లలకు లెక్కలు, ఫిజిక్స్ హోమ్‌వర్క్‌లో సాయం చేసే పని మాస్టారు నాకు అప్పగించారు. నేను చేసిన సాయమల్లా పెన్ను లాక్కుని గబగబా చేసిచ్చేయడం. పిల్లలకీ అదే కావాలి కదా!

రెండు వారాలకే దొరికిపోయాను. గంటకు 72 కిలోమీటర్ల వేగాన్ని సెకనుకు మీటర్లలోకి మార్చాలంటే 5/18తో గుణించాలి, 20 వస్తుంది. తొందరలో నేను 18/5తో గుణించాను. ఐదుగురి నోటుబుక్కుల్లోనూ ఒకటే జవాబు, 259.2. "ఈ ఐదు కార్లూ విమానాలతో పోటీపడుతున్నాయేమిట్రా?" అన్నారు మాస్టారు. పిల్లల్ని ఏమీ అనలేదు. నాకు మాత్రం, ఇకమీదట పెన్ను ముట్టుకోకుండా చెప్పాలని షరతు పెట్టారు.

చేతులు కట్టేసినట్టయింది. పెన్ను లేకపోతే అడగడం తప్ప గత్యంతరం లేదు. ఏమిచ్చారు, ఏమడిగారు, బొమ్మ ఏది? పాఠం బొత్తిగా రానివాళ్లు తక్కువేనని అప్పుడే తెలిసింది. చాలామంది లెక్క సగం చదివి సూత్రం కోసం వెతుక్కుంటారు. పైకి విసిరిన రాయి శిఖరం దగ్గర ఆగింది కాబట్టి అక్కడ త్వరణం (వేగం మారే రేటు) కూడా సున్నా అని ఒకమ్మాయి రాసింది. తప్పని చెప్పకుండా, "రెండూ సున్నా అయితే రాయి మళ్లీ కిందికెందుకు వస్తుంది?" అని అడిగాను. కాసేపు పైకప్పు కేసి చూసి తనే దిద్దుకుంది. వెళ్లేటప్పుడు గంటకు 60 కిలోమీటర్లు, వచ్చేటప్పుడు 40 అయితే సగటు వేగం 50 అని అందరూ అనేవాళ్లు. దూరం 120 అనుకుని గంటలు లెక్కపెట్టమంటే, రెండూ మూడూ ఐదు గంటలు, 240ని ఐదుతో భాగిస్తే 48 అని వాళ్లే తేల్చేవారు. నాకు కొంచెం గర్వం వచ్చిన మాట నిజం.

ఆ గర్వం దించినవాడు అందరికంటే మెల్లగా లెక్కలు చేసే కుర్రాడు. 25 మీటర్ల మేడ మీది నుంచి సెకనుకు 20 మీటర్ల వేగంతో రాయిని నిలువుగా పైకి విసిరితే నేలను ఎప్పుడు తాకుతుందన్నది లెక్క. గురుత్వ త్వరణం 10 అనుకుంటే వర్గ సమీకరణం వస్తుంది, దానికి రెండు మూలాలు, అంటే రెండు జవాబులు: 5, మైనస్ 1. "కాలం మైనస్‌లో ఉండదు, కొట్టెయ్" అన్నాను. వాడు కొట్టెయ్యలేదు. "మరి ఎందుకొచ్చిందన్నా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. అన్నాళ్లూ నేనూ కొట్టేస్తూనే వచ్చాను మరి. ఆ రాత్రి నిద్రపట్టక, మైనస్ 1ని సమీకరణాల్లో పెట్టి చూశాను. రాయి ఎత్తు నేల మట్టానికి వచ్చింది, వేగం పైకి 30. అంటే, మనం మేడ మీద విసరడానికి ఒక సెకను ముందు ఎవరో నేల మీది నుంచి 30తో విసిరి ఉంటే, ఆ రాయి సరిగ్గా మన చేతి దగ్గరికొచ్చేసరికి దాని వేగం 20 అవుతుంది. అక్కణ్నుంచి రెండు రాళ్లదీ ఒకటే దారి. సమీకరణానికి మేడ సంగతి తెలియదు. నేలను తాకే క్షణాలు రెండూ చెప్పేసింది, అంతే.

మర్నాడు చెబుదామని ఆత్రంగా వెళ్లాను. పెన్ను పట్టకూడదు కాబట్టి, "ఒక సెకను ముందు రాయి ఎక్కడుందో చూడు" అని మాత్రం అన్నాను. వాడికి అరగంట పట్టింది. ఈసారి నేనూ తొందరపెట్టలేదు. జవాబు రాశాక మేడ బొమ్మ కింద, నేల మీద నిలబడి రాయి విసురుతున్న ఇంకో మనిషిని గీశాడు. దిద్దేటప్పుడు మాస్టారు ఆ బొమ్మ పక్కన కూడా ఒక టిక్కు పెట్టారు.