పిప్పరమెంటు పాకంలో నూనె చుక్క

విజయనగరంలో మా చిన్నతనంలో పంచదార బిళ్ల ఏ రుచిదైనా దాని పేరు పిప్పరమెంటే. నారింజ బిళ్ల కూడా పిప్పరమెంటే, నిమ్మ తొన కూడా పిప్పరమెంటే. పుదీనా జాతి మొక్క నుంచి తీసే ఒక నూనె పేరు బిళ్లలన్నిటికీ అంటుకుపోయిందన్న సంగతి, ఇంట్లో వాటిని చేయడం మొదలుపెట్టిన తరువాతనే నాకు తట్టింది.

మొదటిసారి నేను అలాంటి పరిమళ నూనె వాడలేదు. కేకుల కోసం కొన్న నిమ్మ ఎసెన్స్‌ను, పొయ్యి మీద నుంచి దించిన ముదురు పాకంలో ఒక చెంచాడు పోశాను. అది బుస్సుమని పొంగి, ఆవిరి ముఖం మీదికి కొట్టింది. ఇల్లంతా నిమ్మ వాసన నిండింది గానీ బిళ్లలో మాత్రం ఆ ఊసే లేదు. కారణం ఆలోచిస్తే తేలికే. ఎసెన్స్‌లో ఎక్కువ భాగం ఆల్కహాలో నీరో ఉంటుంది. ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గర, నీరు 100 డిగ్రీల దగ్గర మరిగిపోతాయి. బిళ్లల పాకమేమో 150 డిగ్రీలకు చేరాలి. అంత వేడిలో పడిన ఎసెన్స్ తన పరిమళాన్ని కూడా వెంటబెట్టుకుని పైకి లేచిపోతుంది. పరిమళ నూనెలు అలా కావు. లవంగ నూనెకు ఆ ఘాటునిచ్చే యూజినాల్ అనే పదార్థం అయితే 250 డిగ్రీలు దాటితే గాని మరగదు. నిమ్మ, నారింజ నూనెలు అంత గట్టివి కావు గాని, అవి కూడా ఎసెన్స్ కంటే ఎంతో మెరుగ్గా నిలుస్తాయి.

అందువల్ల ఇప్పుడు నా పద్ధతి ఇలా ఉంది. రెండు కప్పుల పంచదారకు ముప్పావు కప్పు నీళ్లు పోసి, మళ్లీ పలుకులు కట్టకుండా నాలుగు చుక్కల నిమ్మరసం వేసి మరిగిస్తాను. థర్మామీటరు 150 చూపినా, మా అమ్మ తన పరీక్ష తాను చేయనిదే ఒప్పుకోదు: నీళ్ల పళ్లెంలో వేసిన చుక్క గట్టిపడి, పళ్లేనికి కొడితే ఠంగుమనాలి. పాకం దించి, బుడగలు పూర్తిగా అణిగిన తరువాతనే నూనె వేసి, నాలుగైదు తిప్పులు తిప్పి, నెయ్యి రాసిన స్టీలు పళ్లెంలో పోస్తాను. ఆ సమయంలో గిన్నె మీదికి వంగకూడదు; పిప్పరమెంటు నూనె ఆవిరి కళ్లలో ఉల్లిపాయ కంటే ఘోరంగా మండుతుంది. నిమ్మ బిళ్లలు చేసినప్పుడు మరొక సంగతి గమనించాను. నిమ్మ నూనె తొక్క నుంచి వస్తుంది, పులుపు రసంలో ఉంటుంది. కనుక నూనె ఒక్కటే వేస్తే వాసన ఉంటుంది గాని నోరూరదు. నూనెతో పాటు అర చెంచా నిమ్మఉప్పు పొడి కలిపితేనే నాలుక దాన్ని నిమ్మకాయగా ఒప్పుకుంటుంది.

కొలత దగ్గర నేను బాగా దెబ్బతిన్నాను. ఈ నూనెలు ఎసెన్స్ కంటే మూడు నాలుగు రెట్లు ఘాటైనవి, అంటే చెంచా ఎసెన్స్ చెప్పిన చోట పావు చెంచా నూనె చాలు. లవంగం, దాల్చిన చెక్క నూనెలకు ఆ పావు కూడా ఎక్కువే. లవంగ నూనెను చెంచాతో పోసిన రోజున మా అమ్మ ఒక బిళ్ల నోట్లో వేసుకుని, "ఏటమ్మా ఇది, మిఠాయా పంటిమందా?" అని అడిగింది. నిజానికి ఈ లెక్క ఆమెకు ఎప్పటినుంచో తెలుసు. లడ్డూలో పచ్చకర్పూరం వేసేటప్పుడు బియ్యపు గింజంత తీసుకుని, పిడికెడు పంచదారలో నూరి, ఆ పొడిని పిండి అంతటికీ కలుపుతుంది. ముక్కగా పడితే ఆ లడ్డూ చేదు. కేకులకు నేను అదే చేస్తున్నాను. నూనె చుక్కలను వెన్నలో ముందే గిలకొట్టి ఆ తరువాతనే మైదా కలుపుతాను. గుడ్డు తెల్లసొన నురుగులో మాత్రం ఎప్పుడూ వేయను, నూనె తగిలితే ఆ నురుగు కూలిపోతుంది. చాక్లెట్‌కు ఎసెన్స్ కంటే ఈ నూనెలే సరైనవి, ఎందుకంటే కరిగిన చాక్లెట్‌లో కొద్దిగా నీటి తడి పడినా అది ముద్దకట్టి పాడవుతుంది.

బెల్లం పాకంలో మాత్రం నూనె దండగ అని నా అభిప్రాయం. పలాస జీడిపప్పు పాకానికీ, ఉద్దానం కొబ్బరితో చేసిన లౌజుకూ బెల్లం వాసనే అందం. దంచిన ఏలకులు రెండు వేస్తే అంతకు మించి ఏమీ అక్కరలేదు.

కొనేటప్పుడు జాగ్రత్త అవసరం. గంటస్తంభం వైపు బజారులో తిరిగితే దీపాలకు, ఒంటికి, తలనొప్పికి రకరకాల సుగంధ తైలాలు కనిపిస్తాయి, సీసాలన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి. తినడానికి పనికివచ్చేదని స్పష్టంగా రాసి, ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉన్న సీసానే తీసుకుంటాను. నీలగిరి తైలం వంటిది కొద్దిగా కడుపులోకి వెళ్లినా చిన్నపిల్లలకు ప్రమాదం. దాల్చిన చెక్క నూనె చర్మానికి తగిలితే మండుతుంది కనుక డ్రాపరు పట్టిన చేతితో కళ్లు నలపకూడదు. నారింజ నూనెను ఒకసారి థర్మోకోల్ కప్పులో కొలిచి పెట్టి, పాకం దించి వచ్చేసరికి కప్పు అడుగు కరిగి గట్టంతా జిడ్డు అయింది. ఆ తొక్కల నూనెలోని లిమోనీన్ అనే పదార్థం థర్మోకోల్‌ను కరిగించేస్తుంది. అప్పటినుంచి గాజు, స్టీలు తప్ప మరొకటి ముట్టలేదు. నల్లటి గాజు సీసాలను ఫ్రిజ్‌లో ఉంచుతాను, నిమ్మ జాతి నూనెలు వెలుతురుకూ గాలికీ త్వరగా చెడిపోతాయి కాబట్టి.

మన వైపు గాలిలో చెమ్మ ఎక్కువ కనుక బిళ్లలు చల్లారగానే పంచదార పొడిలో దొర్లించి, మూత గట్టిగా పట్టే డబ్బాలో వేయాలి. లవంగం బిళ్లలకు వేరే డబ్బా పెట్టాలి. ఒక్క రాత్రి కలిపి ఉంచితే తెల్లవారేసరికి నిమ్మ తొనలు కూడా పంటిమందు వాసనే వేస్తాయి.