పాత అపార్ట్‌మెంట్‌కి వెళ్లిన సమన్లు

నా మీద కేసు పడిందని, ఓడిపోయానని కూడా నాకు ఒకే ఉత్తరంలో తెలిసింది. ఒహాయో కోర్టు ఇచ్చిన 2,300 డాలర్ల తీర్పును ఇప్పుడు అరిజోనాలో నమోదు చేశారట. కొలంబస్‌లో ఖాళీ చేసిన అపార్ట్‌మెంట్ కార్పెట్‌కీ, మిగిలిన అద్దెకీ ఓనర్లు వేసిన కేసు. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్రే లేదు.

"నేను అరిజోనాలో, ఫీనిక్స్‌లో ఉంటే ఒహాయో కోర్టుకి నా మీద అధికారమేంటి?" అని మొదట కోపం వచ్చింది. లాయర్‌ని అడిగాక తెలిసింది, ఆ కోపంలో పస లేదని. లీజు మీద సంతకం పెట్టింది అక్కడే, ఉన్నదీ అక్కడే. 1945లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చిన ఇంటర్నేషనల్ షూ కంపెనీ కేసు నుంచీ రాష్ట్రంతో ఆపాటి సంబంధం ఉంటే చాలు, రాష్ట్రం దాటి వెళ్లినా కోర్టు పిలవచ్చు. కానీ పిలవాలి కదా! సమన్లు నేను వదిలేసిన అపార్ట్‌మెంట్‌కే పంపారు. అక్కడ ఇప్పుడు ఉంటున్నవాళ్లెవరో సంతకం పెట్టి తీసుకున్నారు. తాళాలిచ్చిన రోజు ఓనర్లకి ఫారంలో నా కొత్త అడ్రస్ రాసిచ్చాను. నన్ను బాధపెట్టింది ఇదే. నేను అక్కడ లేనని అందరికన్నా బాగా తెలిసింది ఆ ఓనర్లకే.

తర్వాత పాత కేసులు చదివాను. ఆరెగన్‌లో నెఫ్ అనే ఆయన తన లాయర్‌కి 300 డాలర్ల లోపు ఫీజు బాకీ. ఆయన రాష్ట్రంలో లేడు. ఆ లాయర్ పత్రికలో ప్రకటన వేసి, తీర్పు తెచ్చుకుని, ఆయన భూమి వేలం వేయించారు. 1878లో సుప్రీంకోర్టు ఆ తీర్పు చెల్లదంది. 1950లో ముల్లేన్ కేసులో ఇంకా స్పష్టంగా చెప్పింది: అడ్రస్ తెలిసినవాళ్లకి పత్రికా ప్రకటన చాలదు, నిజంగా కబురు అందేలా నోటీసు పంపాలి. ఆ మాట చదివినప్పుడు ఏడుపొచ్చింది.

అరిజోనా కోర్టు కార్పెట్ గొడవలోకి వెళ్లదు. వేరే రాష్ట్రం తీర్పును గౌరవించాల్సిందే. ఆ తీర్పు ఇచ్చే అధికారం అక్కడి కోర్టుకి ఉందా, సమన్లు సరిగ్గా అందాయా అన్నంతవరకే చూస్తుంది. అందుకే మా లాయర్ నేరుగా ఒహాయోలోనే తీర్పు రద్దు చేయమని అడిగారు. సాక్ష్యం ఆ ఫారం కాపీ. జడ్జి రద్దు చేశారు.

ఈసారి సమన్లు ఫీనిక్స్‌లో మా ఇంటికే వచ్చాయి, 28 రోజుల గడువుతో. కార్పెట్ ఫొటోలు జతచేసి, తొమ్మిదో రోజునే జవాబు పంపాను.