"మాత్" అని కొట్టి పంపేశాను

పోయిన నెల మా అక్క కూతురు వాట్సాప్‌లో ఒక ఫోటో పంపింది. గోడ మీద, ట్యూబ్‌లైటుకి జానెడు దూరంలో, ఎండుటాకు రంగు పురుగు ఒకటి. "పిన్నీ, ఇది సీతాకోకచిలుకా, మాతా?" అని అడిగింది. మాత్ (moth) అంటే దీపాల చుట్టూ తిరిగేవని మనం అనుకునే, సీతాకోకచిలుకలాంటి పురుగు. నేను ఏదో పనిలో ఉండి, ఫోటో జూమ్ కూడా చెయ్యకుండా "మాత్" అని కొట్టి పంపేశాను. గోధుమ రంగు, రాత్రి పూట, లైటు పక్కన, ఇంకేం చూడాలి అనుకున్నాను.

పావుగంటకి మరో మూడు ఫోటోలు వచ్చాయి. ఒకదాంట్లో మీసాలు చక్కగా కనిపిస్తున్నాయి, సన్నగా పోయి చివర కాస్త ఉబ్బి. రెక్కలు రెండు పక్కలా పరచకుండా వీపు మీద నిటారుగా కలిపి పెట్టుకుంది. అది ఈవినింగ్ బ్రౌన్. ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా కనిపించే, మునిమాపు వేళ ఎగిరే, దీపాల దగ్గరికి కూడా వచ్చే సీతాకోకచిలుక. పదేళ్ళుగా పురుగుల పిచ్చిదాన్నని చెప్పుకు తిరుగుతున్న నాకు ఏడో తరగతి పిల్ల దగ్గర పరువు పోయింది.

తప్పు ఒప్పుకున్నాక ఆ పిల్ల ఊరుకోలేదు. "మరి తేడా ఎలా చెప్పాలి?" అంది. మనందరం చదువుకున్న లిస్టే చెప్పాను. పగలు ఎగిరితే సీతాకోకచిలుక, రాత్రి అయితే మాత్. రంగులుంటే ఇది, లేకపోతే అది. మీసం చివర గుండులా ఉంటే ఇది, దువ్వెనలానో దారంలానో ఉంటే అది. చెప్తూనే ఒక్కో రూలూ నా నోట్లోనే విరిగిపోవడం మొదలైంది.

మడగాస్కర్‌లో సన్‌సెట్ మాత్ అని ఒకటుంది. నలుపు మీద ఆకుపచ్చ, నీలం, నారింజ, వెనక రెక్కలకి తోకలు, ఎండలో తిరుగుతుంది. 1773లో దానికి మొదటిసారి శాస్త్రీయ నామం పెట్టిన డ్రూ డ్రూరీయే దాన్ని సీతాకోకచిలుక అనుకున్నాడు, కాబట్టి నేనేదో ఘోరం చేశానని బాధపడక్కర్లేదు. మీసం చివర గుండు ఉన్న మాత్‌లూ ఉన్నాయి, కాస్ట్‌నిడే కుటుంబంలో. మాత్‌లలో చాలావాటికి ముందు రెక్కనీ వెనక రెక్కనీ కలిపి పట్టుకునే ఒక గట్టి ముల్లులాంటి వెంట్రుక ఉంటుంది, సీతాకోకచిలుకలకి ఉండదు. ఈ గుర్తయినా నిలబడుతుందా అంటే ఆస్ట్రేలియాలో రీజెంట్ స్కిప్పర్ అనే సీతాకోకచిలుకలో మగవాటికి ఆ ముల్లు ఉంది. ఆడవాటికి లేదు!

వీటన్నిటికంటే నాకు బాగా నచ్చినది హెడైలిడే కథ. మధ్య, దక్షిణ అమెరికాల్లో ఉండే ఓ ముప్పై చిల్లర జాతుల చిన్న కుటుంబం. బూడిద, గోధుమ రంగులు, సన్నటి దారం మీసాలు, ఎక్కువగా రాత్రి సంచారం, రెక్క మొదట్లో గబ్బిలాల కూత వినే చెవులు. ఎవరు చూసినా మాత్ అనే అంటారు, శాస్త్రవేత్తలూ చాలాకాలం అలాగే అన్నారు, వేరే మాత్‌ల కుటుంబంలో పెట్టి మర్చిపోయారు. 1986లో మాల్కమ్ స్కోబుల్ వాటి శరీర నిర్మాణాన్ని వివరంగా చూసి ఇవి సీతాకోకచిలుకల వైపువి అన్నాడు. తర్వాత డీఎన్ఏ కూడా అదే చెప్పింది. ఇప్పుడవి లెక్కలో సీతాకోకచిలుకలే.

అసలు గొడవంతా "మాత్" అనే మాటలో ఉంది. సీతాకోకచిలుకలూ మాత్‌లూ కలిసిన లెపిడాప్టెరా అనే క్రమంలో ఇప్పటిదాకా పేరు పెట్టిన జాతులు దాదాపు లక్షా 60 వేలు. అందులో సీతాకోకచిలుకలు 19 వేల లోపే. మిగిలిన వాటన్నిటికీ కలిపి మాత్ అని పేరు. ఒక పెద్ద ఉమ్మడి కుటుంబంలో ఒక్క చిన్నకోడలి సంతానానికి మాత్రం ముద్దుపేరు పెట్టి, మిగతా అందర్నీ "ఆ మిగతావాళ్ళు" అన్నట్టు. చుట్టరికం తీస్తే ఇంకా తమాషాగా ఉంటుంది: పట్టుపురుగు మాత్‌కి మైక్రోప్టెరిజిడే అనే పాతకాలపు మాత్‌ల కంటే సీతాకోకచిలుకే దగ్గరి చుట్టం. ఆ మైక్రోప్టెరిజిడే వాటికి తొండం కూడా ఉండదు, దవడలతో పుప్పొడి నమిలి తింటాయి. కాబట్టి సీతాకోకచిలుకలన్నీ మాత్‌లే, మాత్‌ల వంశవృక్షంలో ఒక కొమ్మ. తెలుగులో మాత్‌కి సరైన మాట లేదని నేను చాలాసార్లు విసుక్కున్నాను (చిమ్మట అంటే ఒకరికి బట్టలు కొరికేది, ఇంకొకరికి చెట్టు మీద కీచుమని అరిచేది), కానీ లేని గుంపుకి మాట లేకపోవడం మన తప్పేమీ కాదేమో.

ఈ కొమ్మ ఎప్పుడు మొలిచింది అన్నదాని మీద 2023లో పెద్ద పేపర్ వచ్చింది. అకిటో కవహారా, ఇంకా చాలామంది కలిసి దాదాపు 2,300 జాతుల సీతాకోకచిలుకల నుంచి 391 జన్యువులు తీసి వృక్షం కట్టారు. సుమారు 10 కోట్ల ఏళ్ళ కింద, అమెరికా ఖండాల్లో, చిక్కుడు కుటుంబపు మొక్కలు తినే పురుగులతో మొదలయ్యాయని తేలింది. నాకు ఇందులో ఆసక్తిగా అనిపించింది గబ్బిలాల సంగతి. గబ్బిలాల భయంతోనే సీతాకోకచిలుకలు పగటికి మారాయని ఒక అందమైన కథ ఉండేది, నేను కూడా నలుగురికి చెప్పాను. కానీ సీతాకోకచిలుకలు పగటికి వచ్చేసరికి గబ్బిలాలు ఇంకా పుట్టనే లేదు, కోట్ల ఏళ్ళ తేడా ఉంది. చెప్పిన నలుగురికీ మళ్ళీ ఫోన్ చేసి చెప్పలేదనుకోండి.

ఇంత పాత కథకి శిలాజాలు మాత్రం చాలా తక్కువ. పలచటి రెక్కలు రాయిలో ఏం నిలుస్తాయి? నిలిచేది పొలుసు. సీతాకోకచిలుకని పట్టుకుంటే వేళ్ళకి అంటుకునే పొడి ఉంటుంది చూశారా, అందులో ప్రతి రేణువూ ఒక పొలుసే, ఇంటి పైకప్పు పెంకుల్లా వరసగా పేర్చి ఉంటాయి. లెపిడాప్టెరా అంటే గ్రీకులో పొలుసు రెక్కలవి అనే అర్థం. ఉత్తర జర్మనీలో భూమి లోతుల్లోంచి డ్రిల్ చేసి తీసిన రాతిని యాసిడ్‌లో కరిగిస్తే దాదాపు 20 కోట్ల ఏళ్ళ నాటి పొలుసులు దొరికాయి, 2018లో అచ్చయింది. ఆ పొలుసుల్ని మిగతా చెత్తలోంచి ఎలా ఏరారో తెలుసా, సూది చివర ముక్కులోని వెంట్రుకని అతికించి! పొలుసు అంటుకోవడానికి సరిగ్గా కావాల్సిన పొడవు, స్ప్రింగులాంటి గుణం దానికి ఉన్నాయట. వాటిలో కొన్ని పొలుసులు లోపల బోలుగా ఉన్నాయి, ఇప్పుడు అలాంటివి ఉండేది తొండం ఉన్న గుంపుకే. అంటే పువ్వులు రాక ముందే తొండం వచ్చేసింది. మరి దాంతో ఏం తాగేవి అంటే, సైకస్, పైన్ లాంటి పువ్వులు లేని చెట్ల విత్తనాల దగ్గర ఊరే తియ్యటి చుక్కలు అయ్యుంటాయని ఊహ.

ఇక్కడిదాకా చెప్పేసరికి మా పిల్ల "అయితే రెక్కలు చూసి ఏమీ చెప్పలేమా?" అంది. చాలావరకు చెప్పొచ్చు. కానీ రెక్కలు రెండు రకాలుగా మోసం చేస్తాయి.

ఒకటి, ఒక్కటే రెండుగా కనిపించడం. యూరప్‌లో మ్యాప్ బటర్‌ఫ్లై అని ఉంది, వసంతంలో బయటికొచ్చేవి నారింజ రంగులో ఉంటాయి, వేసవిలో వచ్చేవి నలుపు మీద తెల్లటి పట్టీతో. 1758లో, జీవులకి శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ వీటికి లెవానా, ప్రోర్సా అని రెండు వేర్వేరు జాతులుగా పేర్లు పెట్టేశాడు. రెండూ ఒకటే. గొంగళిపురుగుగా ఉన్నప్పుడు పగలు ఎంత పొడుగ్గా ఉందన్నదాన్ని బట్టి ఏ బట్ట కట్టుకోవాలో తేలుతుంది.

రెండోది దీనికి తలకిందులు, పది ఒక్కటిగా కనిపించడం. అస్ట్రాప్టెస్ ఫుల్గరేటర్ అనే స్కిప్పర్ రకం సీతాకోకచిలుకకి 1775లోనే పేరు పెట్టారు, అమెరికా ఉష్ణప్రాంతాల్లో మామూలుగా కనిపించేదే, ఎవరికీ అనుమానం లేదు. కోస్టారికాలో డాన్ జాన్జెన్, విన్నీ హాల్‌వాక్స్ 25 ఏళ్ళ పాటు అడవిలోంచి గొంగళిపురుగుల్ని తెచ్చి, ఏ చెట్టు మీద దొరికితే ఆ ఆకులే పెట్టి పెంచారు. పెద్దయ్యాక రెక్కలన్నీ ఒకే తీరు, గొంగళిపురుగులు మాత్రం వేరే వేరే, ఒక్కోదానికి ఒక్కో చారల వరస, ఒక్కో ఇష్టమైన ఆకు. 2004లో పాల్ హీబర్ట్‌తో కలిసి మైటోకాండ్రియా డీఎన్ఏలో సుమారు 650 అక్షరాల ముక్క చదివితే కనీసం పది జాతులు అని లెక్క తేలింది. డీఎన్ఏ బార్‌కోడ్ (చిన్న డీఎన్ఏ ముక్కని బట్టి జాతిని గుర్తుపట్టడం) అనే మాట అందరి నోటా పడింది ఇలాంటి వాటితోనే. అయితే రెండేళ్ళకి ఆండ్రూ బ్రోవర్ అదే డేటా తీసుకుని మళ్ళీ విశ్లేషించి, పది కాదు, మూడుకి తగ్గవు ఏడుకి మించవు అన్నాడు. ఒక చిన్న డీఎన్ఏ ముక్క చూసి జాతుల గీతలు గియ్యొచ్చా అన్న ఆ పోట్లాట చిన్నది కాదు. నా మటుకు నాకు ఇందులో అసలు హీరో బార్‌కోడ్ కాదనిపిస్తుంది. పాతికేళ్ళు ఆకులు కోసి, సంచులు మార్చి, రెట్టలు ఎత్తి రాసుకున్న నోట్సు లేకపోతే ఆ 650 అక్షరాలకి పక్కన పెట్టి చూసుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

ఇంకో దారి ఉంది, పిల్లకి చెప్పలేదు, మీకు చెప్తాను. చాలా మాత్‌ల జాతిని తేల్చేది జననాంగాలే. పొత్తికడుపు తీసి పొటాషియం హైడ్రాక్సైడ్‌లో మెత్తబడేదాకా ఉంచి, మైక్రోస్కోప్ కింద మగవాటి కొక్కేలూ ఆడవాటి సంచులూ చూస్తారు. పైకి కవలల్లా ఉన్నవాటికి కూడా అక్కడ తేడా దొరుకుతుంది. కాబట్టి మీరు పంపిన ఫోటోకి ఎవరైనా నిపుణులు "జాతి చెప్పలేం" అంటే చిన్నబుచ్చుకోకండి.

పురుగుని పెంచి చూడటం అనే పద్ధతికి పెద్దమ్మ మరియా సిబిల్లా మెరియన్. 1647లో పుట్టింది, పదమూడేళ్ళప్పుడు పట్టుపురుగులతో మొదలుపెట్టింది. పురుగులు బురదలోంచి, కుళ్ళులోంచి వాటంతటవే పుడతాయని జనం నమ్మే కాలంలో గుడ్డు, గొంగళిపురుగు, ప్యూపా (గొంగళిపురుగు కదలకుండా ఉండి రెక్కల పురుగుగా మారే దశ), రెక్కల పురుగు, అది తినే మొక్క, అన్నీ ఒకే బొమ్మలో వేసింది. 1699లో యాభై దాటిన వయసులో చిన్న కూతుర్ని వెంటబెట్టుకుని ఓడెక్కి సురినామ్ వెళ్ళింది, ఆ బొమ్మల పుస్తకం 1705లో వచ్చింది.

గొంగళిపురుగు ప్యూపాలో మొత్తం కరిగి సూపు అయిపోతుందని అందరూ అంటారు గానీ అది సగమే నిజం. కండరాలు, పేగులు చాలావరకు విరిగి మళ్ళీ తయారవుతాయి, కానీ గాలిగొట్టాలు, నాడీమండలంలో కొంత భాగం నిలుస్తాయి. 2008లో పొగాకు హార్న్‌వర్మ్ గొంగళిపురుగులకి ఒక వాసన చూపించి చిన్న షాక్ ఇచ్చి నేర్పితే, మాత్‌లు అయ్యాక కూడా ఆ వాసనకి దూరంగా పోయాయి. గొంగళిపురుగు పెరిగే దశల్లో ఐదో దశలో నేర్పినవాటికే గుర్తుంది, మూడో దశలో నేర్పినవి మర్చిపోయాయి.

ఇదంతా విన్నాక మా పిల్ల ఊరుకుంటుందా. వారం తిరక్కుండా గడ్డి మీద ఆకుపచ్చ పురుగు ఒకటి పట్టుకొచ్చింది, తల మీద రెండు బుల్లి కొమ్ములతో, పిల్లి మొహంలా. ఈవినింగ్ బ్రౌన్ పిల్లే, గడ్డి, వరి లాంటివే దాని తిండి. సీసా మూతకి పలచటి గుడ్డ కట్టమన్నాను, రోజూ తాజా గడ్డి మార్చమన్నాను. ఇంకో మాట కూడా ముందే చెప్పి ఉంచాను: సీతాకోకచిలుకే వస్తుందన్న గ్యారంటీ లేదు. నేను మొదటిసారి పెంచిన ప్యూపాలోంచి చీమంత కందిరీగలు ఓ ఇరవై బయటికొచ్చాయి, లోపలిదాన్ని తినేసి. రెండు రోజులు అన్నం సయించలేదు.

అది ఒక రోజు గడ్డిపరకకి తలకిందులుగా వేలాడి ప్యూపా అయింది, నున్నగా, లేత ఆకుపచ్చ పూసలా. వానాకాలం రూపం వస్తే రెక్కల అడుగున కళ్ళలాంటి చుక్కలు బాగా కనిపిస్తాయి, పొడికాలం రూపమైతే చుక్కలు దాదాపు మాయమై ఎండుటాకులా ఉంటుంది, ఏది వస్తుందో చెప్పు పిన్నీ అంది. ఈసారి నేను నోరు మూసుకున్నాను.

నిన్న పొద్దున్నే ఫోన్, ఏడుపు గొంతు. రాత్రి ఎప్పుడో బయటికొచ్చేసిందట, రెక్కలు ఆరబెట్టుకుంటూ వేలాడుతోందట, చుక్కలు పెద్దవే ఉన్నాయట, కానీ కింద కాగితం మీద ఎర్రటి మరక. "రక్తం కారుతోంది పిన్నీ, చచ్చిపోతుందా?" రక్తం కాదే తల్లీ, ప్యూపాలో ఉన్నన్నాళ్ళూ లోపల పోగైన చెత్త, బయటికి రాగానే వదిలేస్తుంది, అన్నీ అలాగే చేస్తాయి అన్నాను. కాసేపు నిశ్శబ్దం. "అంటే పాస్ పోసిందా?" దాదాపు అంతే అన్నాను.