ఆ నెగెటివ్‌లు పారేయకండి

ఖమ్మంలో మా నాన్నది ఫోటో స్టూడియో. పాస్‌పోర్టు ఫోటోలు, పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు. 1998లో నాకు మాసాబ్ ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో బి.ఎఫ్.ఏ. ఫోటోగ్రఫీ సీటు వచ్చిందంటే మా పెదనాన్న ఒకటే మాట అన్నారు: "ఇంట్లో నేర్చుకునేదానికి హైదరాబాద్‌లో నాలుగేళ్లు దేనికిరా?" అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడుంది, అందుకే మన కాలేజీ పూర్వ విద్యార్థుల ఈ సంచికకు రాస్తున్నాను.

మొదటి ఏడాది ఫౌండేషన్. పెయింటింగ్, శిల్పం, అప్లైడ్ ఆర్ట్ వాళ్లతో కలిసి మేమూ బొమ్మలు గీయాల్సిందే. బల్ల మీద ఒక కుండ, ఒక సీసా, మడతలు పడ్డ గుడ్డ. చేతిలో చార్‌కోల్. కిటికీ వెలుగు కుండ మీద ఎక్కడ పడుతోంది, ఎక్కణ్ణుంచి నీడ మొదలవుతోంది, ఆ నీడలో కూడా బల్ల మీద పడి తిరిగొచ్చే సన్నటి వెలుగు ఎక్కడుంది? ఆ చివరిది పట్టుకుంటే తప్ప కాగితం మీద కుండ గుండ్రంగా రాదు. కెమెరా పట్టుకోవడానికొచ్చి ఈ కుండలేమిటని సణుక్కున్నవాళ్లు మా బ్యాచ్‌లో ఉన్నారు. నా మట్టుకు నాకు నాలుగేళ్లలో అన్నిటికన్నా ముఖ్యమైన ఏడాది అదే. తర్వాత స్టూడియో లైటింగ్ క్లాసులో ఫిల్ లైట్ (నీడల్ని కాస్త తేలికపరిచే వెలుగు) అని సార్ అనగానే, అదేమిటో నాకు విడిగా చెప్పాల్సిన పని లేకపోయింది.

డార్క్‌రూమ్ గురించి ఎంత రాసినా తనివి తీరదు. డి-76 డెవలపర్, అంటే ఫిల్మ్ మీద బొమ్మ తేల్చే మందు, ప్యాకెట్లు కొనకుండా మేమే కలుపుకునేవాళ్లం. లీటరు నీళ్లకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. సల్ఫైట్ ముందే మొత్తం పోస్తే మెటాల్ కరగదు. అందుకని చిటికెడు సల్ఫైట్, తర్వాత మెటాల్, అది పూర్తిగా కరిగాకే మిగతావి. ఫిల్మ్ కడిగేటప్పుడు డెవలపర్ 20 డిగ్రీలుండాలి. ఏప్రిల్‌లో మన కుళాయి నీళ్లు 30 దాటి ఉంటాయి కదా. ఐసు ముక్కలు నేరుగా వేస్తే మందు పల్చబడుతుందని ప్లాస్టిక్ కవర్లో వేసి, ముడేసి, జాడీలో దింపి, థర్మామీటర్ వంక చూస్తూ కూర్చునేవాళ్లం. ల్యాబ్ అన్న ఆ కవర్ ముడి తానే వేసేవాడు. ఇంకెవర్నీ నమ్మేవాడు కాదు.

ఒకసారి సెలవులకెళ్లి నాన్న దగ్గరున్న పాత 120 సైజు ఫిల్మ్ నెగెటివ్‌లు కొన్ని తెచ్చుకున్నాను. ఏదో పెళ్లి. ప్రింటు వేస్తే ముఖాలు బాగానే వచ్చాయి గానీ పెళ్లికొడుకు తెల్ల పంచె ఉత్త కాగితంలా మిగిలిపోయింది. అట్టకు చిన్న కన్నం పెట్టి, పంచె వరకు ఇంకొన్ని సెకన్లు వెలుగిచ్చాను. మడతలన్నీ వచ్చేశాయి, అంచు జరీతో సహా. తడి ప్రింటు పట్టుకెళ్లి చూపిస్తే సార్ పంచె సంగతి ఎత్తలేదు.

"పెళ్లికొడుకు సరే, వెనకాల చూశావా?" అన్నారు.

వెనకాల కొబ్బరిమట్టల పందిరి. దాని కింద గాడిపొయ్యి మీద గుండిగ. వరసగా కూర్చుని కూరగాయలు తరుగుతున్న ఆడవాళ్లు, వాళ్ల రవికెల కుట్టు, చెవులకు పెట్టుకున్న నగలు. గోడ మీద సున్నంతో రాసిన ఎన్నికల గుర్తు. "మీ ఊరు అప్పుడెలా ఉండేదో ఇంతకన్నా వివరంగా ఎక్కడ రాసి ఉంటుంది చెప్పు. మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు," అన్నారు. ఆ మాట ఫోన్లో చెబితే నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

రాజా దీన్‌దయాళ్ (1844–1905) పాఠం కూడా ఆ సారే చెప్పారు. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్. సికింద్రాబాద్‌లో స్టూడియో. పరదా పాటించే స్త్రీల కోసం 1890ల్లో హైదరాబాద్‌లో జెనానా స్టూడియో కూడా పెట్టారు. ఆయన ఫోటోల్లో కూడా దొరల వెనక నిలబడ్డ నౌకర్లను చూడమనేవారు సార్. ఆయన గాజు పలక నెగెటివ్‌లు 2,800కు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. ఎవరో దాచారు కాబట్టే మనకు పాఠమయ్యాయి.

మూడో ఏడాది వీడియో. మినీ డీవీ టేపు గంటది కంప్యూటర్లోకి ఎక్కించాలంటే గంటా పడుతుంది, 13 జీబీ దాకా తినేస్తుంది. అప్పటి హార్డ్ డిస్కులకు అది చాలా పెద్ద బరువు. అందుకని టేపంతా ముందు చూసి, ఏ షాటు ఎక్కణ్ణుంచి ఎక్కడి దాకా పనికొస్తుందో టైమ్‌కోడ్‌తో సహా కాగితం మీద రాసుకున్నాకే ఎడిటింగ్‌లో కూర్చోనిచ్చేవారు. లాడ్ బజార్లో లక్క గాజులు చేసే ఆయన దగ్గర షూట్ చేశాం. నిప్పుల మీద మెత్తబడ్డ లక్కను కడ్డీలా సాగదీయడం, గుండ్రంగా తిప్పి అతకడం, అది గట్టిపడేలోగా ఒక్కో రాయీ అద్దడం. వెళ్లేముందే సార్ చెప్పి పంపారు: పనైపోయాక కెమెరా ఆపకండి, ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఆ కొట్టు శబ్దం మాత్రం రికార్డు చేసుకురండి అని. షాట్ల మధ్య అతుకులు తెలియకుండా చేసింది ఆ ఒక్క నిమిషమే. ఇవాళ్టికీ నేను ఎక్కడ షూట్ చేసినా ఆ నిమిషం తీసుకోకుండా బయల్దేరను.

2008లో మన కాలేజీ జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో భాగమైంది. డిజిటల్ వచ్చింది. ఊళ్లల్లో స్టూడియోలు మూతపడ్డాయి. పాత నెగెటివ్‌లు, వాటిలోని వెండి తీసేవాళ్లకు తూకానికి వెళ్లిపోయాయి. నాకు బాధ ఇక్కడే. మనలో చాలామందిమి స్టూడియో ఇళ్ల నుంచి వచ్చినవాళ్లమే. అటకల మీద ఇంకా అట్టపెట్టెలుంటాయి. మూత తీస్తే వెనిగర్ వాసన వస్తోందంటే లోపల ఫిల్మ్ పాడవడం మొదలైనట్టే. అలాంటివి విడిగా తీసి ముందు స్కాన్ చేయాలి. ఖరీదైన స్కానర్ అక్కర్లేదు, లైట్ బాక్సు (కింద నుంచి వెలుగిచ్చే పెట్టె), బాగా దగ్గర నుంచి తీసే మాక్రో లెన్సు, ట్రైపాడ్ చాలు. మినీ డీవీ టేపులకైతే ఇంకా తొందరపడాలి. టేపు బాగానే ఉన్నా, దాన్ని ఆడించే డెక్కులు దొరకడం లేదు.

ఈసారి సమ్మేళనానికి నాన్న పెట్టెలు తెస్తున్నాను. ఊరు, ఏడు, ఎవరింటి శుభకార్యమో తెలిసినంతవరకు ఒక్కో కవరు మీద రాశాను. తెలియనివి నాన్నను అడిగి రాస్తున్నాను, ఆయనకు ముఖాలు ఇంకా గుర్తున్నాయి. ఆ కుటుంబాల వాళ్లను అడిగి, సరేనన్నవాటి కాపీలు డిపార్ట్‌మెంట్‌కు ఇస్తాను. మీవీ పట్టుకురండి. రెండు లైట్ బాక్సులు నేను తెస్తాను, మాక్రో లెన్సు ఉన్నవాళ్లు ముందుగా చెప్పండి.